సొంతమాటల జవాబు: ముందు చట్రమా, ముందు మాటా?

నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో పరిసరాల విజ్ఞానంలో నాలుగైదు వాక్యాల జవాబు సొంతమాటల్లో రాయించాలంటే చట్రం (ఏ వాక్యం తర్వాత ఏది రాయాలో చెప్పే వరస) ఇవ్వాలా, ముందు మాట్లాడించాలా? తిరుపతి చుట్టుపక్కల స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో, అంటే దగ్గరి బడుల టీచర్లు కలిసే సమావేశాల్లో, ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. గైడులో జవాబు బోర్డు మీద రాసి ఎక్కించుకోమనడం మూడో దారి. అది చేతిరాతకు పనికొస్తుంది, అంతే.

చట్రం అందరికీ తెలిసిందే: ప్రశ్నను తిప్పి రాసి, జవాబు చెప్పి, పాఠంలోంచి ఆధారం చూపి, వివరించడం. ఖాళీ పేజీ చూసి బిక్కమొహం వేసే పిల్లకు కూడా మొదటి వాక్యం దొరుకుతుంది. దిద్దడమూ తేలిక.

నేను చూసేది మాత్రం ఒక్కటే, ఆధారానికీ జవాబుకీ లంకె పడిందా లేదా. విజయనగర రాజులు చంద్రగిరిని రాజధానిగా ఎందుకు ఎంచుకుని ఉంటారని అడిగామనుకోండి. 1565 తళ్లికోట యుద్ధం, హంపి పాడుబడడం, పెనుకొండ, ఆ తర్వాత చంద్రగిరి, ఇవన్నీ ముందే చెప్పేసి ఉంటాం. చట్రం పట్టుకున్నవాడు ఇలా రాస్తాడు: "రాజులు చంద్రగిరిని ఎంచుకున్నారు. అది మంచి చోటు. పాఠంలో రాజమహల్ ఉందని రాశారు. కాబట్టి ఎంచుకున్నారు." గడులన్నీ నిండాయి. రాజమహల్‌కీ రాజధాని మార్చడానికీ సంబంధమేంటో మాత్రం వాడికీ తెలీదు.

అదే పిల్లవాణ్ణి ముందు నోటితో చెప్పమనండి. కోట చూసొచ్చినవాడైతే, "కొండెక్కితే ఎవరొస్తున్నా కనపడతారు సార్" అంటాడు. "ఐతే ఏమి?" అనాలి. "ముందే తెలిస్తే కోట తలుపులు మూసేయొచ్చు గదా!" అక్కడ లంకె పడింది. ఆ మాటే రాయించి, "ఎందుకంటే", "కాబట్టి" చేర్పిస్తే జవాబు తయారు.

ఒకే గదిలో రెండు తరగతులు నడిపే టీచరుకు ఇంత మాట్లాడించే తీరిక ఉండదు, నిజమే. జంటలుగా కూర్చోబెట్టి, ఒకడు చెబుతుంటే రెండోవాడు "ఐతే ఏమి?" అని అడిగితే చాలు. గోల ఎక్కువే, పక్క క్లాసు టీచరు ఒకసారి తొంగి చూస్తారు కూడా. అసలు నోరు విప్పని పిల్లలకు చట్రమే మేలు, వాళ్ళను బలవంతంగా నిలబెట్టి అడిగితే ఉన్నది కూడా మర్చిపోతారు. ఒకరిది ఒకరు దిద్దుకోవడం ఐదో తరగతిలో పెట్టుకోవచ్చు.

మార్కుల్లో సగం లంకెకే వేస్తాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే ఇక్కడ కోత వేయను, వాటికి తెలుగు పీరియడ్ ఉంది.