వేలాడే మణికట్టుకు నరం మార్పిడా, టెండన్ మార్పిడా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం ప్రాంతాల్లో చెట్టు మీంచి పడి దండచేతి ఎముక విరిగినవారిలో కొందరికి, మణికట్టును, వేళ్లను ఎత్తే కండరాలను నడిపే రేడియల్ నరం దెబ్బతిని మణికట్టు వేలాడిపోతుంది. టీగ్లాసు అందుకోబోతే వేళ్లు విచ్చుకోవు. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే నయమవుతుంది. నయం కానివారికి రెండు దారులున్నాయి: నరం మార్పిడి, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు) మార్పిడి.

నరం మార్పిడిలో, చేతిలోనే ఉండి బాగా పనిచేస్తున్న మీడియన్ అనే మరో నరపు చిన్న శాఖలను కోసి, చచ్చుబడిన కండరాలకు దగ్గరగా రేడియల్ శాఖలకు కుడతారు. నరం రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున పెరుగుతుంది కనుక కదలికకు నెలల తరబడి ఎదురుచూడాలి. పైగా నరం అందని కండరం 12 నుంచి 18 నెలల్లో కోలుకోలేనంతగా క్షీణిస్తుంది కాబట్టి, వీలైతే దెబ్బ తగిలిన ఆరు నెలల లోపే చేయించుకోవడం మేలు. ఫలిస్తే వేళ్లు విడివిడిగా కదిలే అవకాశం ఎక్కువ.

వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠు రోగుల చేతులకు చేసి పేరు తెచ్చిన టెండన్ మార్పిడికి ఆ గడువు లేదు. కీళ్లు బిగుసుకుపోకుంటే చాలు. ముంజేతిని బోర్లించే ప్రొనేటర్ టెరీస్ కండరపు టెండన్‌ను మణికట్టును ఎత్తే టెండన్‌కు కుడతారు, వేళ్లకు మరికొన్నింటిని మళ్లిస్తారు. సుమారు నాలుగు వారాల కట్టు విప్పాక వ్యాయామంతో పట్టు త్వరగా వస్తుంది, కాకపోతే వేళ్లన్నీ ఒక్కసారే చాచుకుంటాయి. దెబ్బ తగిలిన ఏడాది తర్వాత చికిత్స కోసం విశాఖ రైలెక్కిన కూలీకి నేనైతే దీనివైపే మొగ్గుతాను.