కూల్చి కట్టడమా, ఉన్నదాన్ని బాగుచేయడమా: విక్టోరియా కాలపు లండన్ మురికివాడలకు ఏది మేలు?

పేదల ఇళ్లను నేలమట్టం చేసి కొత్తవి కట్టించడం మేలా, లేక ఉన్న ఇళ్లనే బాగుచేస్తూ అందులోని వారిని అక్కడే ఉండనివ్వడం మేలా అన్న ప్రశ్నకు లండన్‌లోని బెత్నల్ గ్రీన్, మెరిల్‌బన్ పారిష్‌లలో (చర్చి పరిధి ఆధారంగా ఏర్పడిన స్థానిక పాలనా ప్రాంతాలు) రెండు వేర్వేరు జవాబులు కనిపిస్తాయి.

మెరిల్‌బన్‌లోని పారడైజ్ ప్లేస్‌లో 1865లో కళా విమర్శకుడు జాన్ రస్కిన్ ఇచ్చిన డబ్బుతో గృహ సంస్కర్త ఆక్టేవియా హిల్ మూడు ఇళ్లు తీసుకున్నారు. పెట్టుబడికి ఏటా 5 శాతం రాబడి చూపించాలన్నది ఒప్పందం. ముందు మురుగు కాల్వలు, నీటి సరఫరా సరిచేయించి, వారం వారం స్వయంగా వెళ్లి అద్దె వసూలు చేస్తూ, మిగిలిన సొమ్మును మరమ్మతులకే వెచ్చించారు. బకాయి పడ్డవారిని ఖాళీ చేయించే ఆమె కాఠిన్యం నాకు నచ్చదు. అయినా అద్దె కట్టగలిగినవారికి బాగుపడిన ఇల్లు తాము ఉంటున్న చోటే దక్కింది.

బెత్నల్ గ్రీన్‌లోని ఓల్డ్ నికల్ సంగతి వేరు. సుమారు 5,700 మంది కిక్కిరిసి బతికిన ఆ వాడలో ఏటా వెయ్యికి దాదాపు 40 మంది చనిపోయేవారు. ఇది పారిష్ సగటుకు ఇంచుమించు రెట్టింపు. ఎప్పటికీ పూర్తిగా ఎండని నాసిరకం సున్నంతో కట్టిన గోడలు చెమ్మ ఊరుతూనే ఉండేవి. చర్య తీసుకోవలసిన వెస్ట్రీ, అంటే పారిష్ పాలకమండలి, సభ్యుల్లోనే కొందరు అక్కడి ఇళ్ల యజమానులు. ఇటువంటి చోట మరమ్మతు సరిపోదు. 1889లో ఏర్పడిన లండన్ కౌంటీ కౌన్సిల్ 1890 నాటి శ్రామికుల గృహవసతి చట్టం కింద వాడనంతా కూల్చి, గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే బౌండరీ స్ట్రీట్ ఎస్టేట్‌ను కట్టించింది. 1900లో వేల్స్ యువరాజు దాన్ని ప్రారంభించారు.

కొత్త గదుల్లో ఆరోగ్యం మెరుగుపడిందని చెప్పేముందు అక్కడ చేరినదెవరో చూడాలి. అద్దెలు పాతవారికి అందలేదు. వారిలో కేవలం 11 మందికే ఆ ఎస్టేట్‌లో చోటు దొరికిందని లెక్క. మిగతావారిలో ఎక్కువమంది చుట్టుపక్కల వీధుల్లోని ఇరుకు గదుల్లోకే చేరి అక్కడి రద్దీని పెంచారు. పాత వాడ మరణాల రేటును, స్థిరమైన ఆదాయం ఉన్న కొత్త నివాసుల రేటుతో పోల్చి విజయం అనుకోవడం అన్యాయం.

అందుచేత గోడలు నిలబడి, వీధి కింద ప్రధాన మురుగు కాల్వ ఉన్న ఇళ్లకు హిల్ పద్ధతే మేలని నా అభిప్రాయం. ఆ కాల్వ లేనిదే ఏ యజమాని శ్రద్ధా పనికిరాదు. ఓల్డ్ నికల్ వంటి వాడకు మాత్రం కూల్చివేత తప్పదు. అయితే కూల్చకముందే పాతవారు కట్టగలిగే అద్దెకు దగ్గరలోనే ఇళ్లు సిద్ధం చేయవలసింది. చట్టం అడిగింది ఎంతమందికి చోటు కల్పించారన్నదే గాని, ఎవరికి కల్పించారన్నది కాదు.