మెలటోనిన్ గమ్మీలు నెల వాడాక, నా రేటింగ్ 5కి రెండున్నర

నైట్ షిఫ్ట్ నుంచి డే షిఫ్ట్‌కి మారాక నిద్ర పట్టక చస్తుంటే ఒక ఫ్రెండ్ చెబితే కొన్నా. ఒక్కో గమ్మీలో 5 మిల్లీగ్రాములంట, డబ్బా మీదేమో నిద్ర, ఆకలి, స్ట్రెస్ మూడూ సెట్ అయిపోతాయని పెద్ద పెద్ద అక్షరాలు.

మొదటి వారం దండగ. తప్పు నాదేలెండి, పడుకునే ముందు ఒకటి నోట్లో వేసుకుని ఫోన్ చూస్తూ మత్తు ఎప్పుడొస్తుందా అని కూర్చున్నా. మెలటోనిన్ నిద్రమాత్ర కాదు, చీకటి పడింది ఇక సర్దుకో అని మెదడులోని పీనియల్ గ్రంథి ఒంటికి పంపే కబురు, కంట్లో నీలి వెలుగు పడితే గ్రంథి ఆ కబురు తగ్గించేస్తుంది. నేను గమ్మీతో రాత్రయిందని చెబుతూ ఫోన్‌తో ఇంకా పగలేనని చెబుతుంటే ఒళ్ళు ఎవరి మాట వినాలి? రెండో వారం నుంచి రెండు గంటల ముందే వేసుకుని, లైట్లు తగ్గించి, ఫోన్ వేరే గదిలో పెట్టేస్తే దాదాపు గంట ముందే నిద్రొచ్చింది. అందులో గమ్మీ వాటా ఎంత, ఫోన్ వాటా ఎంత అంటే మాత్రం చెప్పలేను.

అర్ధరాత్రి లేచి తినడానికి ఏముందా అని డబ్బాలు వెతుక్కోవడం కూడా తగ్గింది, కానీ ఆ క్రెడిట్ గమ్మీకి ఇవ్వను, నిద్రకిస్తా. 2004లో కుర్రాళ్ళని రెండు రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చి చూస్తే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోన్ 18 శాతం పడిపోయి, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. మన డైటింగులన్నీ ఎక్కడ ఫెయిలవుతున్నాయో ఇప్పుడర్థమైంది.

స్ట్రెస్ సంగతి అయితే ఉత్త మాటలే. స్ట్రెస్ హార్మోన్ అనే కార్టిసాల్‌ని విలన్‌లా చూపిస్తారు గానీ అది పొద్దున లేచిన అరగంట, ముప్పావు గంటకి పెరగాల్సిందే, లేకపోతే మంచం దిగబుద్ధి కాదు. అర్ధరాత్రికి అడుగంటాల్సిన టైంలో ఆఫీస్ మెసేజ్ టింగ్ అంటే గమ్మీ ఏం చేస్తుంది పాపం.

అసలు కోపం లేబుల్ మీద. కొన్ని రోజులు పొద్దున తల దిమ్ముగా ఉండేది, కొన్ని రోజులు ఏమీ లేదు, డబ్బా ఒకటే, డోసూ ఒకటే. 2017లో కెనడాలో 31 మెలటోనిన్ సప్లిమెంట్లు టెస్ట్ చేస్తే లేబుల్ మీద రాసిన దానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా ఉన్నాయంట, చదివాక మిగతావి ముట్టుకోబుద్ధి కాలేదు. రక్తం పలచబడే మందులు, ఫిట్స్ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా అసలు కొనొద్దు.