ఉచిత కౌన్సెలింగ్, కోటి రూపాయల కోర్సు: మారతహళ్ళిలో ఒక విదేశీ విద్యా కన్సల్టెన్సీ

బెంగళూరులో మారతహళ్ళి వంతెన చుట్టుపక్కల విదేశీ విద్యా కన్సల్టెన్సీలకు కొదవ లేదు. వాటిలో చాలా చోట్ల సిబ్బంది తెలుగువారే కాబట్టి, అనంతపురం నుంచో నెల్లూరు నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడిన మా వంటి కుటుంబాలు సహజంగానే అటు అడుగు వేస్తాయి. మా అమ్మాయి బీఏలో రాజనీతి శాస్త్రం చదివి, అంతర్జాతీయ వ్యవహారాల్లో మాస్టర్స్ చేయాలని నిర్ణయించుకున్నప్పుడు, అలాంటి ఒక ఆఫీసు సేవలను గత దరఖాస్తుల సీజన్ అంతా వాడుకున్నాం. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఆ వ్యాపారం నడిచే తీరులోనే ఉన్నాయి కనుక సంస్థ పేరు రాయడం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కాగితాల పనికి ఈ ఆఫీసును నిస్సంకోచంగా నమ్మవచ్చు, ఏ స్కూలులో చేరాలి, దానికి ఎంత అప్పు చేయాలి అన్న రెండు ప్రశ్నలను మాత్రం వారి చేతిలో పెట్టకూడదు.

మొదటి సమావేశంలో కౌన్సెలర్ అమ్మాయి మార్కులు చూసి, "పాపకి ఇంటర్నేషనల్ బిజినెస్ చేయిద్దాం సార్, జాబులు బాగుంటాయి" అన్నారు. మేం అడిగింది అది కాదని వివరించాక ఒక కాగితం ప్రింటు తీసి ఇచ్చారు. యాంబిషస్, మోడరేట్, సేఫ్ అని మూడు గడులు, వాటి కింద విశ్వవిద్యాలయాల పేర్లు, చివరి గడిలో అప్లికేషన్ ఫీజు మాఫీ ఉందో లేదో తెలిపే టిక్కులు. ఈ రంగంలో ఎవరిని అడిగినా మొదట వినిపించే పేర్లు, అంటే వాషింగ్టన్‌లోని జాన్స్ హాప్కిన్స్ సైస్, జార్జ్‌టౌన్, బోస్టన్ పక్కనున్న ఫ్లెచర్, ప్రిన్స్‌టన్, జెనీవా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్, ఆ కాగితంలో ఒక్కటీ లేవు. కారణం అడిగితే మొదట "కాంపిటిషన్ ఎక్కువ సార్" అన్నారు. గుచ్చి గుచ్చి అడిగాక, ఆ సంస్థలతో తమకు టై-అప్ లేదని ఒప్పుకున్నారు.

టై-అప్ అన్న ఆ మాటలోనే వ్యాపారమంతా ఉంది. విద్యార్థి దగ్గర రుసుము తీసుకోని కన్సల్టెన్సీకి ఆదాయం విశ్వవిద్యాలయం ఇచ్చే కమీషన్; అది సాధారణంగా తొలి ఏడాది ట్యూషన్ ఫీజులో కొంత శాతంగా ఉంటుంది. దరఖాస్తులు తమంతట తామే వచ్చి పడే పేరున్న స్కూళ్ళకు ఏజెంట్లతో పని ఉండదు, కనుక కమీషన్ కూడా ఉండదు. ఇంజనీరింగు, ఎంఎస్ విద్యార్థుల విషయంలో దీనివల్ల జరిగే నష్టం కొంత తక్కువ, ఎందుకంటే మధ్యస్థమైన విశ్వవిద్యాలయంలో చదివినా చేతిలో నైపుణ్యం ఉంటే ఉద్యోగం దొరికే దారి ఉంటుంది. అంతర్జాతీయ వ్యవహారాల్లో అలా కుదరదు. ఇక్కడ స్కూలు ఉన్న నగరం, అక్కడ పాఠం చెప్పే మాజీ రాయబారులు, పూర్వ విద్యార్థుల పరిచయాలే సగం చదువు. ఆ మూడూ లేని చోట కోటి రూపాయలు పోసి డిగ్రీ తెచ్చుకుంటే మిగిలేది కాగితమే.

అందువల్ల స్కూళ్ళ జాబితా మేమే తయారు చేసుకోవలసి వచ్చింది. ఈ రంగంలోని వృత్తి విద్యా సంస్థలకు ఆప్సియా అనే ఉమ్మడి సంఘం ఉంది. దాని సభ్యుల జాబితాతో మొదలుపెడితే వడపోత సగం పూర్తయినట్టే. ఆ తర్వాత చూడవలసింది ర్యాంకు కంటే స్వభావం. సైస్‌లో అర్థశాస్త్రం పాలు ఎక్కువ, ఇటలీలోని బొలోన్యాలో 1955 నుంచి దానికి ఒక శాఖ ఉంది. 1933లో మొదలైన ఫ్లెచర్‌లో న్యాయం, దౌత్యం, వ్యాపారం కలిపి చదువుకునే వెసులుబాటు ఉంటుంది. 1927లో స్థాపించిన జెనీవా సంస్థకు ఐక్యరాజ్య సమితి ఐరోపా కార్యాలయం కూతవేటు దూరంలో ఉంది. ఫీజు కూడా అమెరికా ప్రైవేటు స్కూళ్ళలో సగానికి చాలా తక్కువ. ప్రిన్స్‌టన్ పబ్లిక్ అఫైర్స్ మాస్టర్స్‌లో సీట్లు కొద్దివే, వారు ఉద్యోగానుభవానికి ఇచ్చే విలువా ఎక్కువే. కానీ సీటు వచ్చిన వారి ట్యూషన్ భారం పూర్తిగా సంస్థే మోస్తుంది. ఇంత ముఖ్యమైన విషయం మాకు ఆ ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. చెప్పినందువల్ల వారికి వచ్చేదేమీ లేదు మరి.

ఇక డబ్బు సంగతి. వాషింగ్టన్, న్యూయార్క్‌లలోని ప్రధాన స్కూళ్ళలో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 50,000 డాలర్లకు పైమాట. అద్దె, తిండి, ఆరోగ్య బీమా కలుపుకుంటే రెండేళ్ళకు కోటి రూపాయలు దాటిపోతుంది. కన్సల్టెన్సీలోనే ఒక మూల లోన్ డెస్కు ఉంది. అక్కడి యువకుడు మర్యాదస్తుడు, చురుకైనవాడు. అయితే అతను మొదట చూపించేవన్నీ తాకట్టు అడగని ప్రైవేటు ఫైనాన్స్ సంస్థల అప్పులే, వాటి వడ్డీ ప్రభుత్వ బ్యాంకుల కంటే స్పష్టంగా ఎక్కువ. లెక్క వేసి చూపమంటే "జాబ్ వచ్చాక ఈఎంఐ ఈజీగా కట్టేయొచ్చు సార్" అన్నాడు. లెక్క మేమే వేసుకున్నాం. 60 లక్షల అప్పును 11 శాతం వడ్డీతో పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 82,600 రూపాయలు కట్టాలి. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. పూర్తి మొత్తం విడుదలయ్యాక ఆ వడ్డీయే ఏడాదికి 6.6 లక్షలు. ఢిల్లీలో ఒక పరిశోధనా సంస్థలో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరిన వారి చేతికి వచ్చే జీతం ఆ ఈఎంఐకే సరిపోదు. అదే అప్పు 35 లక్షలైతే కిస్తు సుమారు 48,200. మా కుటుంబం ఆ అంకె దగ్గర గీత గీసుకుని, గీతకు లోపల ఉన్న స్కూళ్ళనే మిగుల్చుకుంది. ఆఫీసు పద్ధతి దీనికి తలకిందులు: ముందు అడ్మిషన్, తర్వాత సంబరం, ఆ తర్వాత అప్పు.

ప్రభుత్వ బ్యాంకుకు వెళ్ళదలచిన వారు రెండు మూడు విషయాలు గమనించాలి. ఎంపిక చేసిన కొన్ని సంస్థలకు మినహాయింపులు ఉన్నా, మామూలుగా 7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి స్థిరాస్తి తాకట్టు అడుగుతారు. బెంగళూరులో ఇల్లు ఉందని ధీమాగా వెళ్తే, మొదటి ప్రశ్న "ఏ ఖాతానా, బీ ఖాతానా?" అని వస్తుంది, నగరపాలక సంస్థ రికార్డుల్లో అనుమతులు సక్రమంగా లేనిదిగా నమోదైన బీ ఖాతా ఆస్తిని తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు. మాది ఆ కోవలోనే ఉంది, కాబట్టి ఊళ్ళో ఉన్న ఇంటి కాగితాలు తేవలసి వచ్చింది: లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తిపై ఉన్న అప్పులు, లావాదేవీలు తెలిపే పత్రం), ఇంటి పన్ను రసీదులు, ఆమోదం పొందిన ప్లాను. వీటిపై వకీలు లీగల్ ఒపీనియన్‌కూ, ఇంజనీరు వాల్యుయేషన్‌కూ అయ్యే ఖర్చు, అప్పు మంజూరైనా కాకపోయినా మనదే. లోన్ డెస్కు యువకుడు పీఎం విద్యాలక్ష్మి పథకం కింద తాకట్టు లేకుండా వస్తుందని కూడా ఒకసారి అన్నాడు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఆ పథకం దేశంలోని ఎంపికైన విద్యాసంస్థలకే వర్తిస్తుంది, విదేశీ చదువుకు కాదు.

మరొక చిక్కు ఎవరూ ముందుగా చెప్పరు. అప్పు రూపాయల్లో మంజూరవుతుంది, ఫీజు డాలర్లలోనో యూరోల్లోనో కట్టాలి. రెండో ఏడాది ఫీజు నాటికి రూపాయి తగ్గితే, మంజూరైన మొత్తం చాలక చేతి డబ్బు వేయవలసి వస్తుంది. మొదటే కొంత ఎక్కువకు మంజూరు చేయించుకుని, అవసరం లేకపోతే తీసుకోకుండా వదిలేయడం మేలు; విడుదల చేసిన భాగానికే వడ్డీ పడుతుంది. గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ ఇచ్చిన విద్యా రుణంతో ఫీజు పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) లేదు. సొంత డబ్బు పంపేవారికి ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తంపై అది పడుతుంది. వడ్డీపై ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే దొరుకుతుంది. ఈ ఒక్క విషయంలో డెస్కు యువకుడు సరైన సమాచారమే ఇచ్చాడు.

స్కాలర్‌షిప్పుల పేరుతో వారు ఇచ్చిన పట్టిక చూస్తే నవ్వు వచ్చింది. అందులో మొదటి రెండు పేర్లు పికరింగ్, రాంజెల్ ఫెలోషిప్పులు. రెండూ అమెరికా విదేశాంగ సేవలో చేరదలచిన అమెరికా పౌరులకు మాత్రమే ఇచ్చేవి. థామస్ పికరింగ్ ఒకప్పుడు మన దేశంలో అమెరికా రాయబారిగా పనిచేసిన మాట నిజమే కానీ, మన పిల్లలకు ఆ డబ్బుతో సంబంధం లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన జాబితాను ఎవరూ చదవకుండా ప్రింటు తీశారన్నమాట. మనకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. బ్రిటన్ ప్రభుత్వ చీవెనింగ్‌కు రెండేళ్ళ ఉద్యోగానుభవం, చదువయ్యాక స్వదేశంలో రెండేళ్ళు ఉంటామన్న ఒప్పందం కావాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ జాబితాలో అంతర్జాతీయ వ్యవహారాలు ఉన్నాయి; కానీ దానికి మూడేళ్ళ ఉద్యోగానుభవం, నాలుగేళ్ళ డిగ్రీ లేదా దానికి సమానమైన చదువు ఉండాలి. కర్ణాటక ప్రభుత్వం 2024లో డిగ్రీని మళ్ళీ మూడేళ్ళకు మార్చిన సంగతి ఇక్కడి తల్లిదండ్రులు ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి. ఐరోపా వారి ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి కోర్సుల్లో స్కాలర్‌షిప్ దొరికిన వారికి ఫీజు ఉండదు, పైగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది రుణ రూపంలోని సహాయం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో కె.ఆర్. నారాయణన్ చదువుకున్నది టాటా స్కాలర్‌షిప్‌తోనే. ఆయన ఆ తర్వాత విదేశాంగ సేవలో చేరి, 1997లో రాష్ట్రపతి అయ్యారు. తెలంగాణ స్థానికత ఉన్న కుటుంబాలు ఓవర్సీస్ విద్యానిధి పథకాలను కూడా చూడాలి. వాటిలో సామాజిక శాస్త్రాలకు చోటుంది.

ఇంకొక ప్రశ్నకు ఆ ఆఫీసులో ఎవరి దగ్గరా తడుముకోని సమాధానం లేదు: చదువయ్యాక అక్కడ ఎన్నాళ్ళు ఉద్యోగం చేయవచ్చు? అమెరికాలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగు, గణితం) గుర్తింపు ఉన్న కోర్సు చేసినవారికి ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, మొత్తం 36 నెలలు. లేకపోతే 12 నెలలే. మామూలు అంతర్జాతీయ సంబంధాల కోర్సు రెండో కోవలోకి వస్తుంది. కొన్ని స్కూళ్ళలో గణాంకాలు, అర్థశాస్త్రం ప్రధానంగా ఉన్న విభాగాలకు స్టెమ్ కోడ్ ఉంటుంది. వీసా కోసం స్కూలు పంపే ఐ-20 పత్రంలో కోర్సు పేరు పక్కనే ఆ కోడ్ ముద్రించి ఉంటుంది, కానీ ఐ-20 వచ్చేదాకా ఆగకుండా దరఖాస్తుకు ముందే స్కూలుకు మెయిల్ రాసి అడగాలి. అమెరికా ప్రభుత్వ శాఖల్లో ఈ రంగపు ఉద్యోగాలు పౌరులకే కాబట్టి, మన పిల్లలకు మిగిలేవి ప్రపంచ బ్యాంకు వంటి అంతర్జాతీయ సంస్థలు, సలహా సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు. పన్నెండు నెలల గడువుతో వాటి తలుపు తట్టాలని తెలిశాక 60 లక్షల అప్పు ఇంకా బరువుగా కనిపించింది.

ఎస్‌ఓపీ (దరఖాస్తుతో పంపే స్వపరిచయ వ్యాసం) గురించి ఎక్కువ రాయను. వారి రచయిత పంపిన చిత్తుప్రతి కౌటిల్యుడితో మొదలై, చిన్ననాటి నుంచి యంత్రాలంటే ఇష్టమన్న వాక్యం మీదుగా, భారత చైనా సంబంధాల దగ్గర ముగిసింది. మధ్య వాక్యం ఏ మెకానికల్ విద్యార్థిదో పాపం. అమ్మాయి దాన్ని పక్కన పెట్టి, తుంగభద్ర నీటి పంపకాల గురించి ఇంట్లో వింటూ పెరిగిన సంగతితో తనే రాసుకుంది.

కాగితాల పని మాత్రం ప్రశంసించవలసిందే. ట్రాన్‌స్క్రిప్టుల కోసం విశ్వవిద్యాలయం కౌంటరులో ఏ రోజు ఎవరిని కలవాలి, కవరు మీద సీలు ఎక్కడ పడాలి, సిఫారసు లేఖల గడువు ఎప్పుడు ముగుస్తుంది వంటివన్నీ డాక్యుమెంట్ల విభాగంలోని అమ్మాయికి కంఠస్థం. మాక్ ఇంటర్వ్యూలో "ఈ చదువు ఇండియాలో ఎందుకు చేయకూడదు?" అని ఆమె అడిగిన తీరుకు మా అమ్మాయి తడబడింది, అసలు ఇంటర్వ్యూలో తడబడలేదంటే ఆ పుణ్యం ఆమెదే.

నిజానికి ఆ ప్రశ్న అదే ఆఫీసులో మొదటి రోజే రావలసింది. ఢిల్లీలో 1955లో మొదలై, 1970లో జేఎన్‌యూలో కలిసిన స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌లో ఏడాది ఫీజు మారతహళ్ళిలో ఒక కుటుంబం హోటలుకెళ్ళి భోంచేసే ఖర్చుతో పోల్చదగినది. విదేశాంగ మంత్రి జైశంకర్ అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ చేసింది జేఎన్‌యూలోనే. పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, బెంగళూరులోనే క్రైస్ట్‌లోనూ ఈ సబ్జెక్టు ఉంది. ఐఎఫ్ఎస్ (భారత విదేశాంగ సేవ) లక్ష్యమైన వారికి ఏ డిగ్రీ అయినా చాలు, సివిల్స్ పరీక్షకు మాస్టర్స్ అక్కరలేదు. వీటిలో ఏదీ కన్సల్టెన్సీకి ఆదాయం తెచ్చేది కాదు కనుక, అక్కడ వినిపిస్తుందని ఆశించడమూ న్యాయం కాదు.

చివరకు వాషింగ్టన్ నుంచి ఒకటి, ఐరోపా నుంచి ఒకటి సీట్లు వచ్చాయి. వాషింగ్టన్ స్కూలు కొంత స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఐరోపా సీటును ప్రస్తావిస్తూ ఇంకొంత సహాయం చేయగలరా అని అమ్మాయి మర్యాదగా మెయిల్ రాస్తే మరికొంత పెంచారు కూడా. ఇలా అడగడం ఆ స్కూళ్ళలో మామూలే, అడిగినందుకు సీటు పోదు. అయినా మేం గీసుకున్న గీత దాటడంతో ఐరోపాకే మొగ్గు చూపాం. ఆ స్కూలుతో టై-అప్ లేనందున కన్సల్టెన్సీ వారు వీసా పనికి విడిగా సర్వీసు చార్జీ తీసుకున్నారు. ఎంతో ముందే చెప్పారు, రసీదు ఇచ్చారు, పని వేళకు పూర్తి చేశారు. అక్కడికి వెళ్ళేవారు ఈ చార్జీ మాట్లాడుకుని, డాక్యుమెంట్ల విభాగం వరకే ఒప్పుకోవడం మంచిది. శని, ఆదివారాల్లో రద్దీ విపరీతం, పార్కింగు లేదు. లోన్ డెస్కు దగ్గర కూర్చోవలసి వస్తే ఖాతా పత్రం, ఈసీ నకళ్ళు వెంట తీసుకెళ్ళి, ప్రభుత్వ బ్యాంకు రేటు రాసి ఇమ్మని మొదటే అడగండి.