సిరొంచ వైపు తిరుగుతున్న 'బీరు రిన్స్' సీసా కొనకండి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అంకీసా వైపు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ఎండాకాలం నుంచి ఒక సీసా ఫోటో తిరుగుతోంది. 'ఇంట్లో చేసిన బీరు హెయిర్ రిన్స్, కెమికల్స్ లేవు, జుట్టు ఒత్తుగా మెరుస్తుంది' అని రాసి ఉంటుంది. అర లీటరు 350 రూపాయలు. ఫోన్‌పే చేస్తే ఇంటికే తెచ్చిస్తారు. లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ సీసా, దాని మీద పొడుగు జడ అమ్మాయి బొమ్మ ఉన్న స్టిక్కరు. ఎవరు తయారు చేశారు, ఎప్పుడు చేశారు, ఏమేం కలిపారు అన్నది ఒక్క ముక్క లేదు.

దయచేసి కొనకండి. కొన్నవాళ్లు తలకు పెట్టుకోకండి. అమ్మేవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు, గ్రూపుల్లో ఉన్నవాళ్లకు సీసా చూస్తేనే తెలుస్తుంది. జరిగింది మాత్రం పూర్తిగా రాస్తాను. ఇది ఒకరికి పడి ఇంకొకరికి పడకపోవడం లాంటిది కాదు.

మా ఆడపడుచు కూతురి పెళ్లి కుదిరింది. జుట్టు పలచగా ఉందని పిల్లకు బెంగ. నేనే డబ్బులు పంపి తెప్పించాను. సీసాతో పాటు వాయిస్ మెసేజ్ కూడా వచ్చింది. తలస్నానం అయ్యాక ఇది పోసుకోవాలి, పూర్తిగా కడిగేయొద్దు, ఎండలో కూర్చొని ఆరబెట్టుకుంటేనే పట్టు పడుతుంది అని. పిల్ల అలాగే చేసింది. మే నెల సిరొంచ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఆ రోజు ఏమీ అనిపించలేదు. జుట్టు కాస్త గరుకుగా, జిగటగా ఉందంతే. మర్నాటి నుంచి నుదుటి మీద, చెవుల వెనక, మెడ మీద మంట మొదలైంది. తరువాత అక్కడే ఎర్రటి చారలు వచ్చాయి, కొన్నిచోట్ల చిన్న చిన్న బొబ్బలు. చారలంటే ఎలా అనుకున్నారు, తల మీంచి నీళ్లు ఏ దారిన కారాయో ఆ దారినే గీత గీసినట్టు. నెత్తి మీద మాత్రం పెద్దగా ఏమీ లేదు. బొబ్బలు తగ్గాక ఆ చారలన్నీ గోధుమ రంగు మచ్చలయ్యాయి. హల్దీ నాటికి మెడ నిండా మచ్చలతో పిల్ల ఫోటో దిగనంటే దిగనంది. మా ఇంట్లో ఆ వారమంతా ఒకటే టెన్షన్. మా ఆడపడుచైతే నాతో మాట్లాడడం కూడా తగ్గించింది, అది వేరే సంగతి.

అమ్మినావిడకు ఫోన్ చేస్తే, "ఏం కాదక్కా, బీరు కదా, కొంచెం వేడి చేస్తుంది. కొందరికి అట్లనే అయితది" అంది. ఏం కలిపావమ్మా అని గుచ్చి గుచ్చి అడిగితే చివరికి చెప్పింది: బీరు, నిమ్మరసం, తేనె, కలబంద గుజ్జు.

పిల్లను తీసుకుని వంతెన దాటి తెలంగాణలోని మంచిర్యాల వెళ్లి స్కిన్ డాక్టరుకు చూపించాం. ఆయన చారలు చూసి అడిగిన మొదటి మాట, "నిమ్మకాయ ఏమైనా వాడారా?" అసలు దోషం బీరుది కాదు, నిమ్మరసం పెట్టుకుని ఎండలో కూర్చోవడం వల్ల వచ్చింది అన్నారు. నిమ్మ తొక్కలో, రసంలో సోరాలెన్ అనే రకం పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు తగిలితే చర్మం కాలుతుంది. వెంటనే తెలియదు. సుమారు ఒక రోజు గడిచాక మొదలై, రెండు మూడు రోజులకు బాగా ముదురుతుంది. మచ్చలు వారాల నుంచి నెలల దాకా ఉండిపోవచ్చు. డాక్టర్లు దీన్ని ఫైటోఫోటోడెర్మటైటిస్ అంటారు. బొల్లి వచ్చినవాళ్లకు ఇదే సోరాలెన్‌ను మందుగా ఇచ్చి, లెక్కగా వెలుతురు తగిలిస్తారు. చర్మానికి రంగు తెప్పించే మందన్నమాట. దాన్ని కొలతా పాడూ లేకుండా నెత్తిన పోసుకుని నడి ఎండలో కూర్చోమని వాయిస్ మెసేజ్ పెట్టారు.

కాబట్టి ఇది ఎలర్జీ కాదు. నిమ్మ పడనివాళ్లకే వస్తుందని అనుకోకండి, రసం తగిలిన చోట గట్టి ఎండ పడితే ఎవరికైనా రావచ్చు. ముందుగా చెవి వెనక చుక్క వేసి చూసుకున్నా తెలియకపోవచ్చు, ఆ చుక్క మీద ఎండ పడకపోతే ఏమీ కనిపించదు కదా. ఇలాంటి మచ్చలు వచ్చినవాళ్లు మెడికల్ షాపులో అడిగి తెల్లబడే క్రీములు, స్టెరాయిడ్ క్రీములు సొంతంగా రాయకండి. ఎండ తగలకుండా కప్పుకుని డాక్టరుకు చూపించండి.

ఇక ఇంత రాయడానికి అసలు కారణం. డబ్బులు వెనక్కి ఇవ్వమ్మా, డాక్టరు ఖర్చు ఎలాగూ అడగడం లేదు అని నేనంటే ఆమె ఇచ్చిన జవాబు ఇది: "బీరు కొన్నామని ఎవరికి చెప్పుకుంటారక్కా? మనది దారూబందీ జిల్లా." ఆ మాట అన్నాక వాట్సాప్‌లో తను పెట్టిన మెసేజ్‌లన్నీ చెరిపేసింది.

గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉన్న మాట నిజమే. పక్కన చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో తీసేశారు, మన దగ్గర తీయలేదు. ఇక్కడ బీరు సీసా దగ్గర ఉంచుకోవడమే కేసు. నది అవతల కాళేశ్వరం వైపు, తెలంగాణలో వైన్స్‌లో రెండు వందల అటూ ఇటూ పెడితే దొరికే సీసా, వంతెన ఇవతలికి వస్తే నేరం అవుతుంది. తలకు పెట్టుకోవడానికి తెచ్చుకున్నాం సార్ అంటే చెక్‌పోస్టులో నవ్వుతారు తప్ప వదలరు. ఆమె ధైర్యం అదే. సీసాలో బీరు ఉంటే కొన్నవాళ్లు భయపడి నోరెత్తరు. లేకపోతే మోసం, కానీ అది తేల్చడానికి కూడా ఎవరూ బయటికి రారు. స్టిక్కరు మీద వివరాలు ఎందుకు లేవంటే "నిషేధం ఉంది కదా, ఎట్ల రాస్తాం" అని అదే సాకు.

ఆ సాకు చెల్లదు. బల్సారా అనే ఆయన, మన దగ్గర అమల్లో ఉన్న బొంబాయి మద్యనిషేధ చట్టం మీదే కోర్టుకెక్కితే, 1951లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆల్కహాల్ కలిసిన మందులను, ఒంటికీ తలకూ వాడుకునే సామాన్లను నిషేధించే భాగాలు చెల్లవని అందులో చెప్పింది. ఆ పిటిషన్‌లో విస్కీ, బీరుతో పాటు ఓడికొలోన్, లావెండర్ నీళ్లు కూడా ఉన్నాయి! తరువాత చట్టంలోనే, తాగడానికి పనికిరాని అలాంటి సామాన్లకు నిషేధం వర్తించదని సెక్షన్ పెట్టారు. అందుకే లైసెన్సు ఉన్న కంపెనీలు చేసే బీరు షాంపూలు మన జిల్లా దుకాణాల్లోనూ పెట్టి అమ్ముకోవచ్చు, లేబుల్ మీద అన్నీ రాసి మరీ. తాగే బీరులో నిమ్మరసం, తేనె పిండి ప్లాస్టిక్ సీసాలో పోసిన దానికి ఆ మినహాయింపు దొరుకుతుందని నేననుకోను. భయపడాల్సింది ఆమె, మనం కాదు.

పైగా అమ్మకానికి సౌందర్య సాధనాలు తయారు చేయాలంటే లైసెన్సు ఉండాలి. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీదారు పేరు, అడ్రసు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలి, ఏమేం కలిపారు అన్నవి ముద్రించాలి. 'ఇంట్లో చేసింది' అనే మాట వీటన్నిటికీ బదులు కాదు. ఇంట్లో చేసుకుని మనమే వాడుకుంటే మన ఇష్టం, డబ్బులకు అమ్మితే వ్యాపారమే.

ఇంకో ప్రమాదం సీసాలోనే ఉంది. మా పక్కింటివాళ్లు కొన్న సీసా వంటింటి అరలో పెడితే అడుగు ఉబ్బి బుడగలా అయింది. మూత తిప్పగానే బుస్సుమని గోడంతా చిమ్మింది. కంపెనీ బీరు వేడి చేసో వడగట్టో మూత బిగిస్తుంది కాబట్టి నిలవ ఉంటుంది. దాని మూత తీసి, తేనె కలిపి, పచ్చి కలబంద గుజ్జు వేసి, మళ్లీ బిగించి 45 డిగ్రీల ఎండల్లో ఉంచితే పులియడం మొదలవుతుంది, లోపల గ్యాస్ నిండుతుంది. గాలి తగిలితే ఉన్న ఆల్కహాల్ పులిసి వెనిగర్ అవుతుంది. సీసా లోపలికి వెలుతురు తగలడం ఇంకో తప్పు. బీరులో చేదు కోసం వేసే హాప్స్ వెలుతురుకు చెడి దుర్వాసన కొడతాయి, కంపెనీలు ఎక్కువగా గోధుమ రంగు సీసాలు వాడేది అందుకే. మా సీసా వాసన చూస్తే నాకైతే బీరు కన్నా బెల్లం పానకం పులిసిన వాసనే గుర్తొచ్చింది. లోపల ఏముందో నేను పరీక్ష చేయించలేదు కాబట్టి అంతకు మించి అనను.

సరే, అసలు బీరు పెడితే జుట్టుకు ఏమైనా అవుతుందా? కొంచెం అవుతుంది, చెప్పేంత కాదు. బీరు పుల్లటిది, పీహెచ్ 4, 4.5 దగ్గర ఉంటుంది. పులుపు తగిలితే వెంట్రుక పై పొర పొలుసులు సర్దుకుని నున్నగా కనిపిస్తుంది. అందులోని చక్కెర పదార్థాలు వెంట్రుక చుట్టూ పల్చగా అంటుకుంటాయి కాబట్టి జుట్టు లావుగా అనిపిస్తుంది. తలస్నానం చేస్తే ఆ పూత పోతుంది. ప్రోటీన్ ఉంది, వెంట్రుకను బాగు చేస్తుంది అంటారు, వంద మిల్లీలీటర్లలో అర గ్రాము కూడా ఉండదు. ఆల్కహాల్ వల్ల పొడిబారిన జుట్టు ఇంకా పొడిబారవచ్చు. జుట్టు ఊడడం మీద బీరు పని చేయదు, పిల్ల జుట్టు పలచబడడానికి రక్తం తక్కువగా ఉండడం కారణమని డాక్టరే తేల్చారు. పలచటి పూతే కావాలంటే అన్నం వార్చిన గంజి చల్లార్చి, నీళ్లు కలిపి పోసుకుని కడిగేసుకున్నా వస్తుంది. మా అత్తగారు అదే చేసేది. అప్పుడు దానికి ఎవరూ 350 అడగలేదు.

ఫిర్యాదు సంగతి. 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోట, లేదా పని చేసే చోట వేయొచ్చు, అమ్మినవాళ్ల ఊరికి వెళ్లక్కర్లేదు. కాళేశ్వరం, చెన్నూరు వైపు నుంచి కొన్నవాళ్లు తెలంగాణలో తమ జిల్లాలోనే వేసుకోవచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. బిల్లు లేదని వెనక్కి తగ్గకండి, ఫోన్‌పే చెల్లింపు ఫోటో, మెసేజ్‌లు చెరపకముందు తీసుకున్న స్క్రీన్‌షాట్లు, సీసా, డాక్టరు చీటీ చాలు మొదలుపెట్టడానికి. నేను చేశాను. నా మీద మద్యం కేసు పెడతారేమో అని మా ఆయన భయపడ్డారు. సరుకు గురించి ఫిర్యాదు చేస్తున్నాం, బీరు తాగామని కాదు అన్నాను.

ఇప్పటికే సీసా ఇంట్లో ఉన్నవాళ్లకు: పారేయకండి, ముందు అన్ని వైపులా ఫోటోలు తీయండి. తరువాత బయటికి తీసుకెళ్లి, మూత మీద తడి గుడ్డ వేసి, ముఖం పక్కకు తిప్పుకుని మెల్లగా వదులు చేసి గ్యాస్ పోనివ్వండి. బిగించకుండా, పిల్లలకు అందనిచోట నీడలో పెట్టండి. స్టిక్కరు చించకండి. ఇంకెవరి దగ్గరైనా ఆ వాయిస్ మెసేజ్ మిగిలి ఉంటే నాకు పంపండి, నా ఫోన్‌లోది ఆమె చెరిపేసింది.