గిల్గమేష్ కొనేముందు ఐదో పలక తెరిచి చూడండి

ఉరుక్ నగరపు రాజు గిల్గమేష్ కథను ప్రాచీన మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) మట్టిపలకల మీద రాశారు. ఆ పేరుతో దొరికే పుస్తకాలన్నీ ఒకే కథకు వేర్వేరు అట్టలు అనుకుని, సన్నగా ఉన్నదో అట్ట బాగున్నదో చూసి కొనేస్తుంటారు. అక్కడే తప్పటడుగు పడుతుంది. అసలు మూలమే ఒకటి కాదు. అక్కడి పాత భాష సుమేరియన్‌లో విడివిడిగా ఐదు కావ్యాలున్నాయి. అక్కాడియన్ భాషలో క్రీ.పూ. 18వ శతాబ్దం నాటి పాత బాబిలోనియన్ పాఠం ముక్కలు ముక్కలుగా దొరికింది. ఆ తర్వాతది సిన్-లేకి-ఉన్నిన్ని అనే పండితుడి పేరు మీద చెలామణీ అయిన పన్నెండు పలకల పాఠం. అస్సిరియా రాజధాని నినెవేలో అషుర్‌బనిపాల్ రాజు గ్రంథాలయం తవ్వకాల్లో బయటపడ్డది ఎక్కువగా ఇదే. మీరు కొన్న పుస్తకం వీటిలో దేన్ని అచ్చువేసింది, దేన్ని దేనితో కలిపేసింది అన్నదే అసలు సంగతి.

ఇంగ్లీషులో ఎక్కువగా చేతులు మారేవి మూడు. ఎన్.కె. శాండర్స్ 1960లో పెంగ్విన్‌కు రాసిన వచనం, స్టీఫెన్ మిచెల్ 2004 నాటి పద్యరూపం, ఆండ్రూ జార్జ్ 1999 నాటి పెంగ్విన్ అనువాదం. మొదటి ఇద్దరూ క్యూనిఫారం (మేకు ఆకారపు లిపి) పలకల నుంచి నేరుగా అనువదించలేదు. అప్పటికే ఉన్న అనువాదాల మీద ఆధారపడ్డారు, ఆ సంగతి దాచనూ లేదు. ముందుమాట తిప్పేసి కథలోకి దూకే పాఠకుడికే అది తెలియకుండా పోతుంది. జార్జ్ అక్కాడియన్ పండితుడు. 2003లో పలకలన్నీ పోల్చి చేసిన రెండు సంపుటాల పరిష్కరణ తెచ్చిందీ ఆయనే.

జార్జ్ పుస్తకం తెరవగానే పేజీ నిండా గుర్తులు కనిపించి చిరాకు పుడుతుంది. చదరపు కుండలీకరణాల్లో ఉన్న మాట పలక మీద విరిగిపోయింది, మరోచోట వచ్చిన అదే పాదాన్ని బట్టో పాత పాఠాన్ని బట్టో పూరించారు. వాలు అక్షరాల్లో ఉంటే అర్థం మీద అనుమానం ఉందని. చుక్కలుంటే అక్కడ గ్రంథపాతం, అంటే పాఠం పోయిందని. మన పాత కావ్యాల అచ్చుప్రతుల్లో చుక్కలు చూసి అలవాటైనవాళ్లకు పది పేజీల్లో కన్ను కుదురుకుంటుంది. ఈ గుర్తులు లేని పుస్తకంలో కథ గుక్కతిప్పుకోకుండా సాగుతుంది, నిజమే. కానీ ఏ వాక్యం పలక చెప్పింది, ఏది రచయిత అతికించింది అన్నది ఎన్నటికీ తేలదు.

దీనికి పదో పలకలోని సిదురి ఘట్టం చూడండి. సముద్రపు ఒడ్డున సారా అమ్మే సిదురి గిల్గమేష్‌తో కడుపునిండా తిను, పగలూ రాత్రీ ఆడిపాడు, చెయ్యి పట్టుకున్న బిడ్డను చూసుకో అంటుంది. గిల్గమేష్ గురించి ఎవరు రాసినా ఎత్తిచూపే మాటలివి. కానీ ఇవి పాత బాబిలోనియన్ ముక్కలోవి. పన్నెండు పలకల పాఠంలో సిదురి ఆ హితబోధ చెయ్యదు. అతని వాలకం చూసి హడలిపోయి ముందు తలుపు గడియపెట్టుకుంటుంది. శాండర్స్ ఆ మాటల్ని ప్రధాన కథలోనే కలిపేశారు. జార్జ్ పాత ముక్కల విభాగంలో విడిగా అచ్చువేశారు. కలపడం నేరమేం కాదు, చదవడానికి హాయిగానే ఉంటుంది. కాకపోతే ‘ఈ కావ్యం చివరికి చెప్పేది ఇదే, తిని తాగి సుఖపడమని’ అంటూ వ్యాసాలు రాసేవాళ్లు చాలావరకు ఆ కలిపిన కూర తిన్నవాళ్లే.

ఇక ఐదో పలక. 2011లో ఇరాక్‌లోని సులేమానియా మ్యూజియం కొన్న ఒక మట్టిపలకను 2014లో ప్రకటించారు. దానివల్ల ఐదో పలకకు దాదాపు 20 కొత్త పాదాలు చేరాయి. దేవదారు అడవిలో పక్షుల కూతలు, కోతుల కిచకిచలు ఆ అడవి కాపరి హుంబాబా కొలువులో రోజూ మోగే సంగీతంలా వర్ణించారు. గిల్గమేష్‌తో కలిసి అడవి నరికాక అతని స్నేహితుడు ఎన్‌కిడు ‘అడవిని బీడు చేశాం, నిప్పూరులో ఎన్లిల్‌కు ఏం జవాబు చెబుతాం’ అని కుంగిపోతాడు; ఎన్లిల్ అంటే నిప్పూరు నగరంలో కొలువైన పెద్ద దేవుడు. అంతకుముందు హుంబాబా చాలా పుస్తకాల్లో ఉత్త రాక్షసుడు. ఇప్పుడు కొలువుదీరిన రాజు. అందుకని కొట్లో పుస్తకం చేతికి తీసుకోగానే ఐదో పలక తెరిచి కోతులు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అది 2014కు ముందరి పాఠం. జార్జ్‌దే అయినా 1999 ముద్రణలో ఇవి ఉండవు. 2020లో వచ్చిన రెండో కూర్పు అడిగి తీసుకోవాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ఈ తేడా మరీ ముఖ్యం, అట్ట మీద పేరు ఒక్కటే కాబట్టి.

పన్నెండో పలకను వదిలేసే పుస్తకాలూ ఉన్నాయి. ఏడో పలకలో చచ్చిపోయిన ఎన్‌కిడు అందులో మళ్లీ బతికే ఉంటాడు. అది సుమేరియన్ కావ్యం ఒకదాని రెండో సగానికి అక్కాడియన్ అనువాదం, తోకలా తగిలించారు. వదిలేసినా నష్టం లేదు, వదిలేశామని చెబితే చాలు.

ప్రళయగాథల్ని పోల్చే సంకలనాలు ఇంకో రకం. వీటిని తూచడానికి ప్రళయం ఎందుకొచ్చిందన్న ఒక్క ప్రశ్న చాలు. ‘ప్రతి జాతిలోనూ పాపం పండి దేవుడు శిక్షించాడు’ అని రాసి ఉంటే పుస్తకం మూసెయ్యొచ్చు. బైబిల్ ఆదికాండంలో కారణం మనుషుల దుష్టత్వం. బాబిలోనియా వాళ్ల అత్రహసిస్ కావ్యంలో మనుషుల గోలకు ఎన్లిల్‌కు నిద్రపట్టదు, అంతే. గిల్గమేష్‌లో ప్రళయగాథ ఉన్న పదకొండో పలక కారణమే చెప్పదు. పైపెచ్చు అంతా అయ్యాక ఏయా దేవుడు ఎన్లిల్‌ను నిలదీస్తాడు, పాపం చేసినవాడి మీదే పాపం మోపాలి గానీ ప్రళయమేమిటని. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతికి దొరికిన చేప ప్రళయం వస్తుందని చెబుతుందే కానీ ఎందుకో చెప్పదు. ఆదికాండంలోలా అందులో జంతువుల జతలు లేవు, పావురమూ కాకీ లేవు. చేప కొమ్ముకు కట్టిన తాడూ, ఉత్తరాన కొండా ఉన్నాయి. మత్స్యావతారంగా మనకు తెలిసిన కథలోని చాలా సరుకు తర్వాతి పురాణాల్లో చేరినదే. ఈ పొరలు విడదీసి చూపే సంకలనం కొనండి, ఎంత లావున్నా సరే. అన్నీ కలిపి ‘ప్రాచీనుల ప్రళయం’ అని ఒకే కథ చెప్పేది బహుమతిగా ఇవ్వడానికి తప్ప పనికిరాదు.

ఈ-బుక్ గురించి ఒక మాట. అక్షరాల సైజు పెంచితే పాదం మధ్యలో విరిగి, పక్కనున్న పంక్తి సంఖ్య పద్యంలోకి దిగుతుంది. కొనేముందు నమూనా పేజీలు దించి చూసుకోండి. ఆడియోలోనైతే కుండలీకరణం వినపడదు, విరిగిన చోటూ అతుకూ ఒకే గొంతులో వెళ్లిపోతాయి. దానికి మిచెల్ లాంటి పాఠమే నయం, పైకి చదివితే లయ బాగుంటుంది.

ఒక్కటే కొనాలంటే జార్జ్ రెండో కూర్పు. కొన్నాక మొదటి పలక ఆరంభాన్నీ పదకొండో పలక చివరి పాదాల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఉరుక్ గోడ ఎక్కి చూడు, పునాది పరీక్షించు, ఇటుకలు కాల్చినవో కావో చూడు అన్న అవే మాటలు మళ్లీ వస్తాయి. మొదట అవి పాఠకుడితో అన్నవి, చివర గిల్గమేష్ తన పడవవాడితో అన్నవి. శాండర్స్‌లో ఆ తర్వాత గిల్గమేష్ మరణం ఒక అధ్యాయంగా వస్తుంది, సుమేరియన్ నుంచి తెచ్చి పెట్టింది. గోడ దగ్గర ఆగిన కథ అక్కడ పాడె దాకా వెళ్తుంది.