క్యాంపింగ్‌కి ఏది మేలు: స్టేట్ పార్కా, కోర్ వాళ్ల లేక్ పార్కా, చికసానా?

మార్చి వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, మే చివర్లో మెమోరియల్ డే సెలవులకి పిల్లల్ని క్యాంపింగ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. స్టేట్ పార్కు మంచిదా? ఆర్మీ ఇంజనీర్ల కోర్ వాళ్ల లేక్ పార్కు చవగ్గా ఉంది, అక్కడికి పోదామా? లేకపోతే ఓక్లహామా వైపు చికసా పార్కుకి వెళ్లమంటావా?" డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి ఒకరు, అర్వింగ్ నుంచి ఒకరు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. మార్చిలో అడిగితే చాలావరకు ఆలస్యమైపోయినట్టే. టెక్సస్ స్టేట్ పార్కుల బుకింగ్ ఐదు నెలల ముందు తెరుచుకుంటుంది, ఫెడరల్ పార్కుల్లో ఎక్కువ భాగం ఆరు నెలల ముందు. అంటే మే చివరి వారానికి థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవుల్లోనే కూర్చుని బుక్ చేసుకోవాలి.

చెట్ల నీడ, సరస్సు, సైట్ల మధ్య దూరం, డాలస్ నుంచి ఎన్ని మైళ్లు... ఇవన్నీ మీరు ఫొటోల్లో, మ్యాపుల్లో చూసుకోగలరు. నేను వాటికోసం ఎంచుకోవడం మానేశాను. ఎందుకో చెప్తాను.

రెండేళ్ల కిందట ఒక సరస్సు పక్కన క్యాంప్‌కి వెళ్లాం. పేరు వద్దు, ఏ విభాగానిదో కూడా వద్దు. శుక్రవారం ఆఫీసయ్యాక బయల్దేరితే చేరేసరికి రాత్రి తొమ్మిది. రెస్ట్‌రూమ్‌లో లైట్లు వెలగడం లేదు. ఒక టాయిలెట్ పొంగి నేలంతా నీళ్లు. తలుపు మీద రాసిన నంబరుకి ఫోన్ చేస్తే, ఆఫీసు పొద్దున ఎనిమిదికి తెరుస్తామని రికార్డింగ్ వచ్చింది. పదకొండు దాటాక పక్క సైట్‌లో ట్రక్కు తలుపులు తీసి పాటలు పెట్టారు, రాత్రి రెండింటి దాకా ఆపలేదు. మా పాప ఏడ్చి ఏడ్చి కారులో పడుకుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మ మాతోనే ఉంది. ఆ టాయిలెట్‌కి వెళ్లాల్సి వస్తుందని రాత్రంతా మంచినీళ్లు కూడా తాగలేదట. ఆ సంగతి తెల్లారాక చెప్పింది.

ఎనిమిదిన్నరకి ఒకతను పికప్‌లో వచ్చాడు. చేతికి గ్లవ్స్ వేసుకుంటూనే సారీ చెప్పాడు. మూడు క్యాంపులకి తనొక్కడే. ముందు ఐదుగురు ఉండేవాళ్లట. అతని మీద నాకు కోపం రాలేదు. ఐదుగురి పని ఒక్కడి మీద వేసి, మా దగ్గర మాత్రం పూర్తి ఫీజు తీసుకున్నవాళ్ల మీద వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

అప్పటినుంచి నేను అడిగేది ఒక్కటే: రాత్రిపూట ఆ క్యాంప్‌లో పార్కు తరఫు మనిషి ఉంటారా?

స్టేట్ పార్కుల్లో సాధారణంగా ఆ మనిషి క్యాంప్ హోస్ట్. ఎక్కువగా రిటైరైన దంపతులు. సొంత ఆర్వీ (ఇల్లులా ఉండే బండి) తెచ్చుకుని ఆ క్యాంప్‌లోనే నెలల తరబడి ఉంటారు. సైట్ వాళ్లకి ఉచితం, బదులుగా వారానికి కొన్ని గంటలు పని చేస్తారు. రెస్ట్‌రూమ్ కడగడం, ఫైర్ రింగుల్లో బూడిద ఎత్తడం, కొత్తగా వచ్చినవాళ్లకి దారి చూపించడం. వాళ్లు పోలీసులు కాదు, జరిమానా వేయలేరు. కానీ రాత్రి పది దాటాక పాటలు మోగితే ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకి తెలుసు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దంగా ఉండాలన్నది స్టేట్ పార్కుల నియమం. దాన్ని గుర్తు చేసే మనిషి నాలుగు సైట్ల అవతల ఉన్నాడంటేనే చాలామంది గొంతు తగ్గిస్తారు.

హోస్ట్‌లు ఉన్నా వెనక జీతం తీసుకునే సిబ్బంది లేకపోతే ఏమీ సాగదు. ఇక్కడే టెక్సస్ ఒక మంచి పని చేసింది. క్రీడా సామాన్ల మీద వచ్చే అమ్మకం పన్నులో వాటా పార్కులకి ఇవ్వాలని 1993లోనే చట్టం చేశారు, కానీ ఏళ్ల తరబడి అందులో కొంత భాగమే చేరేది. మిగతాది వేరే ఖర్చులకి పోయేది. 2019లో రాజ్యాంగ సవరణ ఓటింగ్‌కి వస్తే జనం భారీ మెజారిటీతో గెలిపించారు. ఇప్పుడు ఆ డబ్బు పార్కులకీ చారిత్రక స్థలాలకీ పోవాల్సిందే. అంటే పిల్లాడికి మీరు క్రికెట్ బ్యాట్ కొన్నప్పుడు కట్టే పన్ను కూడా అందులో ఉంటుంది. 2023లో కొత్త పార్కుల భూముల కోసం వంద కోట్ల డాలర్ల నిధికి కూడా ఓటేశారు. ఆ ఏడాదే స్టేట్ పార్కులకి వందేళ్లు నిండాయి. ఏటా వస్తుందని తెలిసిన డబ్బు ఉంటేనే మనుషుల్ని పనిలో పెట్టుకోగలరు. ఆ తేడా నాకు రెస్ట్‌రూమ్ నేల మీదే కనిపిస్తుంది.

అలాగని స్టేట్ పార్కుల్లో లోపాలు లేవని కాదు. క్యాంప్ ఫీజు కాక పెద్దవాళ్లకి తలకింతని రోజువారీ ఎంట్రీ కూడా కట్టాలి. ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లేవాళ్లు పాస్ తీసుకోవడం మంచిది. ఆ ఒక్క పాస్‌తో కారులో వచ్చినవాళ్లందరికీ ఎంట్రీ సరిపోతుంది. జులై, ఆగస్టు ఎండల్లో హోస్ట్‌లు తగ్గిపోతారు, చల్లటి రాష్ట్రాలకి వెళ్లిపోతారు. ఇంకో బాధ కూడా ఉంది. డెబ్బై ఏళ్ల వాలంటీర్లు కడిగితేనే శుభ్రంగా ఉండే టాయిలెట్లని మంచి ఏర్పాటు అనలేను. ఆ పనికి జీతం ఇవ్వాలి.

కోర్ పార్కుల సంగతి. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ ఈ సరస్సుల్ని కట్టింది ముఖ్యంగా వరదలు ఆపడానికి, నీటి కోసం. క్యాంపింగ్ తర్వాత వచ్చి చేరింది. సైట్లు విశాలంగా, నీళ్ల అంచునే ఉంటాయి, ధర తక్కువ. 62 ఏళ్లు దాటినవాళ్లకి సీనియర్ పాస్ ఉంటే క్యాంప్ ఫీజు సగమే. అయితే ఆ పాస్ సిటిజన్లకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల పేరు మీద దొరకదు. చాలామంది ఇది తెలియక గేటు దగ్గర ఇబ్బంది పడుతున్నారు.

కోర్ పార్కుల్లో గేట్ దగ్గర అటెండెంట్లు ఉంటారు. కాంట్రాక్టు మీద పని చేస్తారు, వాళ్లు కూడా ఆర్వీలో అక్కడే ఉంటారు. వాళ్లున్న చోట నాకు ఏ ఫిర్యాదూ లేదు. రాత్రి పదికి గేటు వేసేస్తారు కాబట్టి శుక్రవారం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం కష్టం. నా భయం వేరే. 2025 మే నెలలో, సరిగ్గా సీజన్ మొదలయ్యే వేళకి, ఫోర్ట్ వర్త్ డిస్ట్రిక్ట్ పరిధిలోని కొన్ని కోర్ పార్కుల్ని సిబ్బంది చాలక మూసేశారు. ఆరు నెలల ముందు బుక్ చేసుకుని, పిల్లలకి చెప్పుకుని, చివర్లో లేదంటే ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

ఈ రెండింటినీ పక్కపక్కన చూడాలంటే లేక్ టెక్సోమాకి వెళ్లండి. సరస్సు కోర్ వాళ్లదే, డెనిసన్ డ్యామ్ 1944లో పూర్తయింది. అదే గట్టు మీద ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కూ ఉంది, కోర్ క్యాంపులూ ఉన్నాయి. నీళ్లు అవే, గాలి అదే. సరస్సు అంచున సైటే ముఖ్యమంటే కోర్‌వి చూడండి. చిన్నపిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే ఐసెన్‌హోవర్ చూడండి.

చికసా నేషనల్ రిక్రియేషన్ ఏరియా నాకు చాలా ఇష్టం. సల్ఫర్ ఊరి పక్కన, డాలస్ నుంచి రెండు గంటలు, ఎంట్రీ ఫీజు లేదు. ట్రావర్టీన్ వాగులో చల్లటి ఊట నీళ్లు, పిల్లలు సాయంత్రం దాకా బయటికి రారు. కానీ అది నేషనల్ పార్క్ సర్వీస్‌ది. ఆ సంస్థకి 2024లో రికార్డు స్థాయిలో 33 కోట్లకు పైగా సందర్శనలు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో, కొత్తగా చేరిన దాదాపు వెయ్యి మంది ఉద్యోగుల్ని ఒక్కసారిగా తీసేశారు. కోర్టు ఆదేశాల తర్వాత కొందర్ని వెనక్కి పిలిచారు గానీ, సీజన్‌కి ముందు ఇలా చేస్తే మిగిలినవాళ్ల మీద ఎంత భారం పడుతుందో ఊహించండి. రేంజర్లు ఇప్పటికీ ఓపిగ్గానే సమాధానం చెప్తున్నారు. చికసాకి వెళ్లండి, కానీ అక్టోబర్‌లో వెళ్లండి, జనం తక్కువ ఉన్నప్పుడు.

కేఓఏ లాంటి ప్రైవేటు క్యాంపులు శుభ్రంగా ఉంటాయి, మనిషి ఉంటాడు, హైవే చప్పుడు కూడా ఉంటుంది. ప్రయాణంలో ఒక రాత్రికి సరే. డెకటర్ దగ్గరి ఎల్‌బీజే గ్రాస్‌ల్యాండ్స్ అనే గడ్డిభూములు క్యాంపింగ్ బాగా అలవాటున్నవాళ్లకే.

బుక్ చేసే ముందు ఇలా చూసుకోండి. క్యాంప్ మ్యాపులో హోస్ట్ సైట్ ఎక్కడుందో వెతకండి. దానికి మరీ పక్కన కాకుండా, రెస్ట్‌రూమ్‌కి దగ్గరగా ఒకటి ఎంచుకోండి. తర్వాత వారం మధ్యలో పొద్దున పూట పార్కు ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ నెలలో హోస్ట్ నిజంగా ఉంటారా అని అడగండి. మ్యాపులో గుర్తు ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదు.

మన వైపు నుంచి ఒకటి. స్టేట్ పార్కుల్లో మామూలు సైట్‌కి ఎనిమిది మందే. ఒక సైట్ తీసుకుని ఇరవై మందిమి చేరి, బిర్యానీ గిన్నెలు మంచినీళ్ల కుళాయి కింద కడిగితే మర్నాడు చీమలు, రకూన్లు వచ్చేస్తాయి. ఆ మెతుకులు ఎత్తేది ఆ హోస్ట్ పెద్దాయనే. గ్రూప్ సైట్ తీసుకోండి, గిన్నెలు ఇంటికి తెచ్చి కడుక్కోండి.

ఈసారి మేం రే రాబర్ట్స్ స్టేట్ పార్కులో, ఐల్ డు బోయ్ వైపు, రెండు సైట్లు తీసుకున్నాం. మే నెలకి హోస్ట్ ఖాయమని ఆఫీసులో చెప్పారు. ఆ సంగతి అమ్మకి ఫోన్లో చెప్తే, అయితే నేనూ వస్తానంది.